ఆ పిడికెడు బియ్యము ఎవరిది?

(శతవార్షికోత్సవముల సందర్భముగా స్త్రీల సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాకు ఇచ్చిన అంశము “స్త్రీల దాతృత్వము – సామాజిక న్యాయము”. పేరు పెద్దది. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదానను. మా పాస్టరేటు స్త్రీల సమాజమునకు చాలా ఏండ్లు కోశాధికారిణిగా ఉన్నాను. కనుక నేను వేదాంతము చెప్పను, పద్దు పుస్తకము చెప్పుతాను. అందులో నా తప్పు కూడా ఒకటి ఉన్నది. అదికూడా దాచను.

మొదట పిడికెడు బియ్యము సంగతి. ఈ మాట వినగానే మీలో పెద్దవారందరికీ తల్లి గుర్తుకు వస్తుంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యము కొలిచి, చేటలో పోసి, చెరిగి, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి మూలనున్న ముంతలో వేసేది. వేసేటపుడు పెదవులు కదిలేవి. ఏమి ప్రార్థించేదో మనకు వినబడేది కాదు. ఆదివారమునాడు ఆ ముంత గుడ్డలో కుమ్మరించి, మూట కట్టి, గుడికి తెచ్చి కానుక బల్ల దగ్గర పెట్టేది. ఆరాధన అయిన తరువాత సంఘ పెద్ద ఆ బియ్యము కొలిచి పాట పెట్టేవాడు. వచ్చిన డబ్బు పద్దులో పడేది.

ఇది బియ్యముతోనే ఎందుకు జరిగింది? మన పూర్వులలో అధిక సంఖ్యాకులు కూలి చేసుకుని బ్రతికినవారు. కోత కూలి, నాట్ల కూలి గింజలుగా కొలిచి ఇచ్చేవారు. చేతిలో రొక్కము ఆడదు. ఎప్పుడైనా నాలుగు డబ్బులు వస్తే అవి మగవాని రొంటికి చేరేవి. స్త్రీ చేతిలో మిగిలినది గింజల కుండ ఒక్కటే. ఆ కుండ దగ్గర ఆమె ఎవరినీ అడగనక్కరలేదు. పూర్తిగా తన ఇష్టముతో ఇవ్వగలిగినది ఆ పిడికెడే. పైగా అది మిగిలిన బియ్యములో నుండి తీసినది కాదు. వండబోయే దానిలో నుండి తీసినది. ఆ పూట ఇంట్లో ఎవరో ఒకరు ఒక ముద్ద తక్కువ తినవలసినదే. ఆ ఒకరు ఎవరో మీకు నేను చెప్పనక్కరలేదు.

లెక్కలు చెప్పినదానను గనుక లెక్క వేస్తాను. పిడికెడు అంటే సుమారు 50 గ్రాములనుకోండి. రెండు పూటలకు 100 గ్రాములు. నెలకు 3 కిలోలు. నలభై గడపల పేటలో నెలకు 120 కిలోలు, ఏడాదికి 1,440 కిలోలు. పదునాలుగు క్వింటాళ్లకు పైగా బియ్యము! ఒక్కొక్క ముంతను చూస్తే ఏమీ లేదు. కలిపి చూస్తే ఒక బడిపంతులు జీతము ఉన్నది, ఒక ఆడపిల్ల హాస్టలు ఫీజు ఉన్నది.

ఈ అలవాటును ఆరాధనలో భాగము చేసి, బీద సంఘము కూడ ఇవ్వగలదని నేర్పినవారిలో బిషప్ అజరయ్యగారు ముఖ్యులు. ఆయన మాతృభాష తెలుగు కాదు. తిరునల్వేలి నుండి 1909లో దోర్నకలుకు వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. క్రైస్తవుని కానుకను గూర్చి ఒక పుస్తకమే వ్రాశారు. కూలిజనుల సంఘములకు పరదేశపు డబ్బు మీద ఆధారపడే అలవాటు తగదని, వారి చేతిలో ఉన్నదే దేవునికి తేవచ్చునని ఆయన పట్టు. కోత పండుగలలో ధాన్యము, కోళ్లు, గుడ్లు, గుమ్మడికాయలు ఆయన యెదుట కుప్పలు పోసేవారు. ఆయన సతీమణి అన్బు అమ్మగారు పల్లె తల్లుల మధ్య చేసిన పని తక్కువది కాదు.

మరొక సంగతి మరువరాదు. మనము ఇవ్వకముందు మనకు ఇచ్చినవారును స్త్రీలే. నోబుల్, ఫాక్సు దొరలు బందరుకు 1841లో వచ్చారు. 1854 నాటికి ఏలూరులో మిషను పని మొదలైంది. ఆ మిషనుల వెనుక సముద్రము ఆవల చిల్లర డబ్బులు కూడబెట్టిన స్త్రీల సమాజములు ఎన్నో ఉన్నవి. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు స్త్రీల కొరకు స్థాపించిన ఆసుపత్రిని మనము ఎరుగుదుము. ఆమె 1883లో అమెరికా నుండి వచ్చారు. ఆమెను పంపి పోషించినవారు లూథరన్ స్త్రీలు. వారందరూ ధనవంతులు కారు. వారి వంటగదులలోనూ కానుక డబ్బీలు ఉండేవి. డబ్బీ అయితేనేమి, ముంత అయితేనేమి, చెయ్యి ఒక్కటే.

మనదేశపు స్త్రీయే లోకమునకు నేర్పిన పాఠము ఒకటి ఉన్నది. 1956లో శాంతి సాలొమోను గారు కొందరు సహోదరీలతో కలిసి ఆసియా దేశములలో పర్యటించారు. యుద్ధముల గాయములు ఇంకా మానని కాలము. కొరియాలో ప్రవేశించుటకు ఆమెకు అనుమతి దొరకలేదు. తోటివారు వెళ్లారు, ఆమె మనీలాలో ఆగిపోయారు. మరొకరైతే అలిగి కూర్చుందురు. ఆమె అక్కడ ప్రార్థనలో ఒక ఆలోచన పొందారు. ప్రార్థనకు పాస్‌పోర్టు అక్కరలేదు గదా! ప్రతి స్త్రీ ప్రార్థించినపుడెల్లా తన దేశములోని అతి చిన్న నాణెమును తీసి పెట్టవలెను. అతి చిన్నదే, పెద్దది కాదు. దొరసానికి, కూలి స్త్రీకి తేడా ఉండరాదు. అదే “అతి చిన్న నాణెపు సహవాసము”. ఎన్నో దేశముల స్త్రీలు అందులో చేరారు. ఆ డబ్బుతో ఎక్కడెక్కడో స్త్రీలకు, పిల్లలకు మేలు కలిగే పనులు నడుస్తున్నవి. మార్చి నెల మొదటి శుక్రవారమున మనము చేసుకునే ప్రపంచ ప్రార్థన దినపు కానుకలోనూ ఇదే భావమున్నది.

ఆనాడు అణాలు, కానులు చెల్లేవి. 1957లో నయాపైసలు వచ్చినవి. 2011 జూన్ నెలాఖరుతో పావలా, అంతకు లోపు నాణెములు చెల్లకుండా పోయినవి. ఇప్పుడు చట్టప్రకారము మన చిన్న నాణెము అర్ధరూపాయి. దానిని ఏ కొట్టువాడు తీసుకుంటాడు? కాబట్టి రూపాయి వేస్తున్నాము. నాణెము మారినది. అది వేసే మనసు మారినదా అన్నదే నేటి ప్రశ్న.

ఇక నా తప్పు చెప్పుతాను.

కొల్లేటి లంకల సంగతి మీకు తెలియనిది కాదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లన్నీ కొల్లేటిలో పడతవి. పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వర్షాకాలములో పైనుండి నీరు తోసుకువచ్చినపుడు లంకవాసులు చుట్టూ నీళ్ల మధ్య ఉండి, త్రాగుటకు మాత్రము బిందెడు మంచినీళ్లు లేక అల్లాడుతారు. 1970లలో ప్రభుత్వము సహకార సంఘములు పెట్టించి, చేపలు పట్టే కుటుంబములకు, దళిత కుటుంబములకు చేపల చెరువులు ఇచ్చినది. వాటినే సొసైటీ చెరువులు అంటాము. పేరు బీదవానిది. అయితే కాలక్రమమున చాలా చెరువులు లీజుల మీద డబ్బుగలవారి చేతిలోకి పోయినవి. సొసైటీ పుస్తకములో పేరున్నవారికి ఏడాదికొకసారి లీజు వాటా వచ్చేది. పుస్తకములో పేరు పోయినదంటే కూడు పోయినట్లే.

ఒక వర్షాకాలమున మేము ఒక లంకకు బియ్యము, చీరలు తీసుకొని వెళ్లాము. పడవ దిగి, బడి వరండాలో బల్ల వేసి, పేరు పిలిచి పంచుతున్నాము. నడివయసు విధవరాలు ఒకామె తన వంతు రాగానే చీర పుచ్చుకొని, కదలక నిలబడినది.

“అమ్మగారూ, చీర ఇచ్చారు, సంతోషము. మా ఆయన పోయినాక సొసైటీ పుస్తకములో నా పేరు ఎక్కించలేదు. వాటా మా మరిది తీసుకుంటున్నాడు. ఏలూరు పోయి అర్జీ పెట్టుకోమంటున్నారు. బస్సు చార్జీలకు, అర్జీ రాయించటానికి మీ సమాజములో ఏమన్నా ఉంటుందా?”

నేను వెంటనే ఏమన్నానో తెలుసా? “అది మన పని కాదమ్మా. మనది ధర్మకార్యము. తగవులలో దిగరాదు” అన్నాను. ఆమె తల వంచుకొని వెళ్లిపోయినది. ఆమె అడిగినది మూడు వందలకు మించదు.

తరువాతి నెల మా సమాజపు కూటములో బలిపీఠమునకు కొత్త మఖమలు గుడ్డ కొనాలని తీర్మానము వచ్చినది. మూడు వేలు. అందరమూ చెయ్యి ఎత్తాము. నేను పుస్తకములో వ్రాస్తున్నాను. అప్పుడు వెనుక వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ, పూర్వము బైబిలు స్త్రీగా ఆ లంకలన్నీ కాలినడకన, దోనెల మీద తిరిగినావిడ, లేచి అడిగినది:

“ఆ డబ్బు ఎక్కడిదమ్మా?”

“పిడికెడు బియ్యము పాట పెట్టగా వచ్చినది” అన్నాను.

“ఎవరి బియ్యము?”

“అందరిదీ.”

“లంక సంఘాల ముంతలు కూడా అందులో కలిసినవి కదా? ఆ విధవరాలు ముంత పెడుతుంది. నేనే పెట్టించాను. ఆమె బియ్యమే ఆమె అడిగినది. మీరు లేదన్నారు.”

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నా చేతిలో కలము ఆగిపోయింది. ఎన్నో ఏండ్లు పద్దు వ్రాసిన నేను ఆ డబ్బు మాది అనుకున్నాను. ఇచ్చేవారము మేము, పుచ్చుకునేవారు వారు అనుకున్నాను. ఆ పిడికెడు బియ్యము ఎవరిదన్న ప్రశ్న ఒక్కనాడూ వేసుకోలేదు.

మఖమలు గుడ్డ ఆ ఏడు కొనలేదు. ఆమెకు మనిషిని తోడిచ్చి ఏలూరు పంపాము. అర్జీ మా సభ్యురాలి భర్త, రిటైరైన గుమాస్తాగారు, ఉచితముగా వ్రాసి పెట్టారు. ఒకసారి వెళితే ఆఫీసరు లేరు. ఒకసారి కాగితము చాలలేదు. మరణ ధ్రువపత్రము, రేషను కార్డు, కులపత్రము. పదకొండుసార్లు తిరిగినది. రెండేండ్లు పట్టినది. చివరకు పుస్తకములో ఆమె పేరు ఎక్కినది. మా పుస్తకములో ఆమె పేర మొత్తము ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండును. కాని సత్యము చెప్పవలెను. కొల్లేరును 1999లో అభయారణ్యముగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రామ్‌సర్ చిత్తడి నేలల పట్టికలో చేర్చారు. 2006లో ఐదవ కాంటూరు లోపలి చెరువుల గట్లన్నీ తెగగొట్టారు. సరస్సు బ్రతకవలెను, అది న్యాయమే. పెద్దల చెరువులతో పాటు బీదల సొసైటీ చెరువులు కూడా పోయినవి. ఆమె చెరువూ పోయినది. నేను పరామర్శించుటకు వెళ్లి, “ఎంత తిరిగావమ్మా, చివరకు ఇలాగైనదే!” అన్నాను.

ఆమె నవ్వినది. “ముందు నాకొక్కదానికే లేదమ్మగారూ. ఇప్పుడు ఊరందరికీ లేదు. అది వేరు, ఇది వేరు” అన్నది.

సహోదరీలారా, దానమునకు న్యాయమునకు గల భేదమును ఇంత తేటగా ఏ ప్రసంగములోనూ నేను వినలేదు. చీర ఇస్తే ఆమె పుచ్చుకున్నది. పేరు ఎక్కినపుడు ఆమె నిలబడినది. తరువాత ఆ లంకలో ఇద్దరు ముగ్గురు స్త్రీలు ఆమెను వెంటబెట్టుకొని ఏలూరు వెళ్లి తమ అర్జీలు తామే పెట్టుకున్నారు.

కానుకలను గూర్చి చెప్పుటకు మనము బీద విధవరాలి రెండు కాసుల సంగతి ఎన్నిసార్లు చదువుతాము! మార్కు సువార్త 12వ అధ్యాయము 41వ వచనము నుండి మొదలుపెడతాము. దానికి పై వచనము, 40వది, మీలో ఎందరు గమనించారు? అక్కడ ప్రభువు విధవరాండ్ర ఇండ్లు మింగివేసి దీర్ఘ ప్రార్థనలు చేసేవారిని గద్దిస్తున్నాడు. ఆ వెంటనే కానుక పెట్టె యెదుట కూర్చుండి ఒక విధవరాలిని చూస్తున్నాడు. ఆమె యొద్ద రెండే కాసులు ఎందుకు మిగిలినవో పై వచనము చదివితే తెలుస్తుంది. ఆమె ఔదార్యమును మెచ్చుకుంటూ, ఆమె ఇల్లు మింగినవారిని గూర్చి ఊరకుందుమా? లూకా 18వ అధ్యాయములో మరొక విధవరాలు ఉన్నది. ఆమె న్యాయాధిపతి యొద్ద భిక్ష అడగలేదు. న్యాయము అడిగినది, విసుగక అడిగినది. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలిచి తండ్రి భూమిలో భాగము అడిగారు. వారి మాట సరియైనదని దేవుడే తీర్పు చెప్పాడు. తబితా కుట్టిన అంగీలు మనకు తెలుసు. ఈ అయిదుగురి పేర్లు మన స్త్రీల కూటములలో ఎప్పుడైనా విన్నామా?

చీరలు పంచవద్దని నేను అనుట లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తరువాత, 1986 గోదావరి వరదల తరువాత మొదట కావలసినది అన్నము, గుడ్డ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి, ఆ నీరు కొల్లేటి వైపు వచ్చినపుడును అంతే. ఆకలిగొన్నవానికి చట్టము చదివి వినిపించలేము. అయితే నీళ్లు తీసిన తరువాత ఏమిటి? ప్రతి ఏడూ అదే గడపకు అదే చీర తీసుకొని వెళుతూ ఉంటే, ఆ గడప ఎందుకు అలాగే ఉన్నదని అడగవలసిన బాధ్యత మనకు లేదా?

స్త్రీలు అడిగితే ఏమౌతుందో మన రాష్ట్రము చూసినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకునే కూటములలో కూర్చున్న కూలి స్త్రీలు సారా కొట్టు మూయించారు. 1992లో అది ఊరూరా పాకినది. 1993 అక్టోబరులో ప్రభుత్వమే సారాను నిషేధించినది. వారికి ధనబలము లేదు. రాత్రి ముంతలో బియ్యము ఉండవలెనంటే పగలు కూలి డబ్బు సారా కొట్టుకు పోరాదని వారు కనిపెట్టారు, అంతే.

మన చుట్టూ చేయదగిన పని ఎంతో ఉన్నది. గూడెం ఉల్లిపాయల మార్కెట్టులో గోనెపట్టాల మీద కూర్చుని పొద్దస్తమానము పాయలు ఏరే స్త్రీలున్నారు. వారి చంటిపిల్లలు బస్తాల నీడన పడుకుంటారు. చేపల పాకింగు దగ్గర మంచులో చేతులు పెట్టి పనిచేసే కోడలు పిల్లలున్నారు. అప్పు కింద తోడబుట్టినవాని పని చెరువు కాపలాకు కుదిరిపోయిన ఇండ్లున్నవి. వెట్టిచాకిరీ రద్దు చట్టము 1976లోనే వచ్చినదని ఆ ఇంటి తల్లికి ఎవరు చెప్పాలి? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులపు హక్కు లేదు. మన రాష్ట్రములో బి.సి.–సి క్రింద ఒక్క శాతము మాత్రమే ఉన్నది. ఈ సంగతి తెలియక కాలేజీ గుమ్మము నుండి వెనుకకు వచ్చిన ఆడపిల్లలకు ఏ కాగితము ఎక్కడ దొరుకునో చెప్పుట కూడ దానమే. దానికి డబ్బు కంటె ఓపిక ఎక్కువ కావలెను.

నా మనవి నాలుగు మాటలలో చెప్పి ముగిస్తాను.

మొదటిది, ప్రతి స్త్రీల సమాజము తన ఆదాయములో నాల్గవ వంతును ఇటువంటి పనులకు ప్రత్యేకముగా తీసి పెట్టవలెను. బస్సు చార్జీలు, అర్జీలు, ఫీజులు, నకళ్లు అని పద్దులో సిగ్గుపడక వ్రాయవలెను.

రెండవది, ఏమి కావలెనో పుచ్చుకునేవారిని అడగవలెను. మనము ఇంటి దగ్గరే చీరల రంగులు నిర్ణయించుకొని బయలుదేరరాదు. కమిటీలో లంకల స్త్రీలు, కూలికి పోయే స్త్రీలు ఉండవలెను. కూటము వారి తీరిక వేళ పెట్టవలెను.

మూడవది, లెక్క గుడిలో అందరి యెదుట చదవవలెను. ఎన్ని ముంతలు వచ్చినవి, ఎంత పలికినది, ఎవరి మేలు కొరకు పోయినది అక్షరము రాని తల్లికి కూడ వినబడవలెను. బియ్యము ఆమెది, వినే హక్కు ఆమెది.

నాల్గవది, పొరుగువాడు ఏ గుడికి వెళతాడని అడగవద్దు. బాధ పెట్టే నీరు అందరి గడపలోనికీ వస్తుంది.

ఈనాడు చాలా ఇండ్లలో ముంత కనబడదు. గ్యాసు పొయ్యిలు, కుక్కర్లు వచ్చినవి. ఆదివారము కవరులో నోటు పెట్టి వేస్తున్నాము. మంచిదే. కాని నోటు వేసేటపుడు పెదవులు కదలుట తగ్గినది. మళ్లీ ఒక ముంత పెట్టండని నా కోరిక. బియ్యము కొలిచేటపుడు ఒక పిడికెడు తీసి, ఒక స్త్రీ పేరు తలచుకోండి. ఈ పూట ఆమె ఏ ఆఫీసు వరండాలో నిలబడి ఉన్నదో ఆలోచించండి.

ఆ లంక సహోదరి ఇప్పుడు వృద్ధురాలు. చూపు తగ్గినది. కిందటి క్రిస్మసుకు వెళితే చెయ్యి పట్టి వంటింట్లోకి తీసుకువెళ్లి చూపించినది. పొయ్యి మూలన ముంత అలాగే ఉన్నది, సగము దాకా బియ్యముతో.

“ఎవరి కొరకమ్మా?” అన్నాను.

“నాకు తెలియదు. అడిగేవాళ్లు వస్తారుగా. వచ్చినపుడు లేదనకండి” అన్నది.

ఆ మాట మీకు అప్పగించి సెలవు తీసుకుంటున్నాను. మన చేతులలోని కొంచెమును ప్రభువు ఆశీర్వదించి, దానిని దానముగా మాత్రమే గాక న్యాయముగా కూడ పంచే బుద్ధిని మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.